కాలవ ఈత – కడలి ఈత

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

భట్టిప్రోలు చుట్టుపక్కల పుట్టిన వాడికి ఈత ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. కాలవకు నీళ్ళు వదిలిన రోజున పెద్దవాళ్ళు పొలాల వైపు పరిగెత్తితే, పిల్లలం వంతెన మీదికి పరిగెత్తుతాం. మొదటి వారం అరటి బోదె, రెండో వారం లారీ ట్యూబు, మూడో వారానికి ఏమీ అక్కర్లేదు. అలా ఈత వచ్చిన వాళ్ళకు ఒక జబ్బు కూడా వస్తుంది. దాని పేరు ధీమా. "కాలవలో ఎదురీదిన వాడికి సముద్రం ఒక లెక్కా?" అనే మాట మన హాస్టల్లో వినని వారుండరు. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రెండేళ్ళ కిందట కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్ళినప్పుడు ఆ ధీమా కాస్తా దిగిపోయింది. అందరూ అలల్లో కేరింతలు కొడుతున్నారు. ఒకచోట మాత్రం అలలు విరగటం లేదు, నీళ్ళు తేటగా, నిమ్మళంగా కనపడ్డాయి. ఈతకు ఇదే బాగుందని అక్కడ దిగాను. రెండు నిమిషాల తరవాత తిరిగి చూస్తే ఒడ్డు దూరంగా వుంది. ఒడ్డు వైపు ఈదుతున్నాను, ఒడ్డు మాత్రం దగ్గరకు రావటం లేదు. చేతులు బరువెక్కాయి. అప్పుడు వల లాక్కుంటున్న ఒక పెద్దాయన గట్టిగా అరిచాడు: "ఒరే, ఎదురు రాకు! అడ్డంగా పో!" ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈదేసరికి లాగుడు ఆగిపోయింది. తరవాత అలలే నన్ను తెచ్చి ఇసుకలో పడేశాయి. ఆ మాట ఆయన అరవకపోయి వుంటే ఈ వ్యాసం రాసే వాణ్ణి కాదు.

అది మొదలు, సముద్రంలో ఈత గురించి తెలుసుకోవాలనే పట్టుదల కలిగింది. ఆ తరవాత మా బాబాయి ఉద్యోగరీత్యా అండమాన్‌లో వుండటం వల్ల అక్కడి దీవుల్లో సముద్రంలో తల ముంచి లోపలి ప్రపంచాన్ని చూసే అవకాశం కూడా దొరికింది. రెండు చోట్లా నేర్చుకున్నది సోదర విద్యార్థులకు చెప్పాలని ఈ ప్రయత్నం.

సముద్రం తీసే మడవ

ముందు నన్ను లాగింది ఏమిటో చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని రిప్ కరెంట్ అంటారు. మనకు పొలం భాషలో చెబితే సులువుగా అర్థమవుతుంది. వాన కురిసి చేలో నీళ్ళు నిలిచాయి. గట్టుకు ఒకచోట మడవ తీస్తాం. చేను మొత్తం మీద నీరు కదులుతున్నట్టే అనిపించదు గాని, మడవ దగ్గర మాత్రం కాలు నిలవనంత వడిగా పోతుంది.

సముద్రం ఒడ్డునా అదే లెక్క. అలలు వరసగా నీటిని ఒడ్డు మీదికి నెడుతూ వుంటాయి. వచ్చిన నీరు వెనక్కి పోవాలి. ఒడ్డుకు కొంచెం అవతల నీటి అడుగున ఇసుక తిన్నెలు గట్లలాగా వుంటాయి. ఆ గట్టుకు ఎక్కడ గండి వుంటే అక్కడి నుంచి నీరంతా ఒక్క పాయగా లోపలికి పరుగు తీస్తుంది. గండి దగ్గర లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. అంటే అమాయకుడికి ప్రశాంతంగా కనిపించే చోటే అసలు ప్రమాదం వున్న చోటన్నమాట!

ఈ పాయ వేగం మామూలుగా సెకనుకు అర మీటరు దాకా వుంటుంది. ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. ప్రపంచంలోకెల్లా వేగమైన ఈతగాళ్ళు 100 మీటర్లను 47 సెకన్ల లోపు ఈదుతున్నారు. అంటే సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు. ఇక మన కాలవ ఈత ఏపాటిది? ఎదురీదిన వాడు అలసిపోయి మునుగుతాడు గాని, ఆ పాయ మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. పాయ వెడల్పు సాధారణంగా కొద్ది మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్లు. కాబట్టి పక్కకు ఈదాలి. పక్కకు ఈదే ఓపిక కూడా లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. ఆ పాటి తెలివి మనకుంటే చాలు.

గోధుమరంగు నీళ్ళు, నీలం నీళ్ళు

ఇక అండమాన్ సంగతి. చెన్నై నుంచి ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. రేవు దగ్గర ఆకుపచ్చగా, మసకగా వున్న నీళ్ళు మరునాటి ఉదయానికి సిరాబుడ్డి ఒలకబోసినట్టు నీలంగా మారాయి. మన సూర్యలంకలోనో, నిజాంపట్నంలోనో ఇటువంటి నీళ్ళు ఎందుకు లేవు? అదీ బంగాళాఖాతమే, ఇదీ బంగాళాఖాతమే కదా!

సముద్రం నీలానికి కారణం ఆకాశం అందులో ప్రతిబింబించటమే అని ఒకప్పుడు పెద్ద శాస్త్రజ్ఞులే అనుకున్నారు. 1921లో యూరప్ నుంచి ఓడలో తిరిగి వస్తూ సి.వి. రామన్, నికల్ పట్టకంతో ఆకాశపు ప్రతిఫలనాన్ని అడ్డుకుని మధ్యధరా సముద్రాన్ని చూశారు. నీలం పోలేదు సరిగదా ఇంకా చిక్కనయింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన గ్రహించారు. ఆ దారి వెంట నడిచే 1930లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన చిన్నతనపు చదువు మన విశాఖపట్నంలోనే సాగిందని గుర్తు చేసుకోవటం మనకు గర్వకారణం. ఇంతేగాక, నీరు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, నీలాన్ని వదిలేస్తుంది. అందుచేత నీరు లోతుగా, తేటగా వున్నచోట నీలమే మిగులుతుంది.

మన తీరంలో తేట లేదు. కారణం కృష్ణమ్మ. మహాబలేశ్వరం దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చే నది, దారి పొడుగునా కొట్టుకొచ్చిన మట్టిని ఇక్కడ దింపుతుంది. మన డెల్టా మొత్తం ఆ మట్టే. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి ఆనకట్టలు కట్టాక ఒండ్రులో చాలా భాగం వాటి వెనకే ఆగిపోతోంది. అయినా వేల ఏళ్ళుగా పేరుకున్న మెత్తటి మట్టిని, ఇసుకను లోతు తక్కువ నీటిలో అలలు ప్రతిరోజూ కలుపుతూనే వున్నాయి. అందుకే మన సముద్రానికి ఆ రంగు. అది మురికి కాదు, మన పొలం రంగు.

అండమాన్ దీవులు వేరు. అవి నదులు పేర్చిన నేల కాదు. బర్మాలోని అరకాన్ కొండల వరస సముద్రంలో మునిగి సాగిపోతూ, శిఖరాలు మాత్రం పైకి పొడుచుకు వచ్చినవి. అక్కడ మన కృష్ణ, గోదావరుల వంటి పెద్ద నది ఒక్కటీ లేదు. నూటికి ఎనభై పాళ్ళకు పైగా అడవి. చెట్ల వేళ్ళు మట్టిని పట్టి వుంచుతాయి. దీవి దాటితే సముద్రం త్వరగా లోతవుతుంది. మట్టి వచ్చేది తక్కువ, వచ్చినా తేలుతూ నిలిచే వీలు తక్కువ.

పరాయి చోటికి వచ్చామనే బెంగ మాత్రం అక్కడ కలగదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమూడు మంది! శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ బజారులో మన భాష వినపడని వీధి నాకు తగల్లేదు.

పగడం – మినుము

పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు అనే చోట 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఏర్పాటయింది. అక్కడి నుంచి పడవలో జాలీబాయ్ దీవికి తీసుకువెళతారు. ఆ దీవికి ప్లాస్టిక్ సంచీ, సీసా పట్టుకెళ్ళనివ్వరు. దీవి చుట్టూ నీటి అడుగున పగడపు దిబ్బలు వున్నాయి. మన దేశంలో ఇటువంటి దిబ్బలు ముఖ్యంగా నాలుగు చోట్లే: కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులు.

పగడం అంటే రాయి అనుకునే వారు మనలో చాలామంది. జంతుశాస్త్రం చదివిన వారికి అది జంతువని తెలుసు. ఒక్కొక్క పాలిప్ చిన్న సంచి లాంటి జీవి, నోటి చుట్టూ మీసాలు. అది తన చుట్టూ కాల్షియం కార్బొనేటుతో గూడు కట్టుకుంటుంది. లక్షలాది పాలిప్‌లు, తరతరాలుగా, ఒకదాని గూటి మీద ఒకటి కట్టుకుపోతే అది దిబ్బ. గుండ్రటి బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. కొమ్మల పగడాలు కొంచెం నయం, పది సెంటీమీటర్ల దాకా పెరిగేవి వున్నాయి.

ఇంతటి కట్టుబడికి తిండి ఎక్కడిది? ఇక్కడే మన మినుముచేను గుర్తుకు రావాలి. వరి కోత ముందు చల్లిన మినుము వేళ్ళకు బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి, మొక్క వాటికి చోటు, చక్కెర ఇస్తుంది. పగడం ఒంట్లోనూ అటువంటి అద్దెదారులున్నారు. జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో పెద్ద భాగం పగడానికే ఇస్తాయి. దాని రంగుల్లో చాలావాటికి కూడా అవే మూలం.

ఇప్పుడు మన తీరాన పగడపు దిబ్బలు ఎందుకు లేవో తెలిసిపోయింది కదా! శైవలానికి వెలుగు కావాలి. బురద నీటిలో వెలుగు దిగదు. వరద తగ్గాక నారుమడి చూడండి. ఆకుల మీద ఒండ్రు అంటుకుని నారు ఎలా కుళ్ళిపోతుందో, మట్టి పడిన పగడం కూడా అలాగే ఊపిరాడక చస్తుంది. పైగా నదీముఖం దగ్గర నీటిలో ఉప్పు తగ్గుతుంది, అదీ దానికి పడదు. మనకు మూడు పూటలా అన్నం పెట్టిన ఒండ్రే పగడానికి చావు. ఒక సముద్రం గొప్పది, ఒకటి తక్కువది అని కాదు. మన బురదలో మడ అడవులు, రొయ్యలు, పీతలు బతుకుతాయి. అక్కడి తేటలో పగడాలు బతుకుతాయి.

బొప్పాయి కాడ

సముద్రంలో ముఖం ముంచి, నోట గొట్టం పెట్టుకుని, పైన తేలుతూ కిందికి చూడటమే స్నార్కెలింగ్. దీనికి మూడు వస్తువులు: కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దం, నోటి గొట్టం, కాళ్ళకు రబ్బరు రెక్కలు.

చిన్నప్పుడు మేమూ ఈ ప్రయోగం చేశాం. బొప్పాయి ఆకు కాడ బోలుగా వుంటుంది. రెండు కాడలు ఒకదానిలో ఒకటి దూర్చి, నోట పెట్టుకుని, కాలవ అడుగున కూర్చుని ఊపిరి పీల్చాలని పందెం. తల మునిగేవరకు బాగానే వుండేది. అడుగున కూర్చుంటే మాత్రం ఎంత లాగినా గాలి రాదు. కాడకు చిల్లి పడిందనుకునే వాళ్ళం. చిల్లి కాదు, భౌతికశాస్త్రం! ఒక మీటరు లోతులో నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువు మోపుతుంది. ఛాతీ వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే నూరు కిలోలు. ఒక వడ్ల బస్తాకు పైమాటే! అంత బరువు గుండెల మీద వుండగా, పై గాలిని పీల్చటం మనిషి కండరాలకు సాధ్యం కాదు. దుర్యోధనుడికి జలస్తంభన విద్య వచ్చు గనక మడుగులో దాక్కున్నాడు. మనకు ఆ విద్య లేదు.

గొట్టం పొడుగు చెయ్యటంలో ఇంకో చిక్కు వుంది. ఒక్కో శ్వాసలో మనం పీల్చేది సుమారు 500 మిల్లీలీటర్లు. గొట్టం మరీ పొడుగైతే వదిలిన గాలే దానిలో నిలిచి, తిరిగి లోపలికి వస్తుంది. బొగ్గుపులుసు గాలి పెరిగి తల తిరుగుతుంది. అందుకే స్నార్కెల్ గొట్టం ఇంచుమించు మూర పొడుగు దాటదు.

ఇక అద్దం. కాలవలో కళ్ళు తెరిస్తే అంతా మసక. మన కంటి కాంతివక్రీభవనంలో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియా చేసే పని. దాని వక్రీభవన గుణకం నీటికి దగ్గరగా వుండటం వల్ల నీటిలో ఆ పని జరగదు. అద్దం పెట్టుకుంటే కంటి ముందు గాలి పొర వస్తుంది, చూపు తిరిగి వస్తుంది. కాకపోతే వస్తువులు మూడింట ఒక వంతు పెద్దవిగా, దగ్గరగా కనపడతాయి. 30 సెంటీమీటర్ల చేప 40 సెంటీమీటర్లు అనిపిస్తుంది. సముద్రం చూసివచ్చిన వారి కబుర్లలో చేపలు పెద్దవి కావటానికి శాస్త్రీయమైన కారణం కూడా వుందన్నమాట!

ఆ అద్దంలోంచి నేను చూసింది చెప్పటానికి నాకు మాటలు చాలవు. పసుపు, నీలం చారల చేపలు గుంపులుగా పోతున్నాయి. చిలక ముక్కు లాంటి నోరున్న చేప పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు నీటిలో చెవికి వినపడింది. అది కొరికి, నూరి, వదిలిన పొడే అక్కడి తెల్లటి ఇసుకలో ఒక భాగం. మన సూర్యలంక ఇసుక ప్రధానంగా క్వార్ట్జ్. అటువంటి పగడపు ఇసుక మీద మాత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుస్సున పొంగుతుంది.

నేను చేసిన తప్పు

ఇంతలో నా అద్దంలోకి నీళ్ళు వచ్చాయి. ముక్కులోకి ఉప్పునీళ్ళు. కాలవ అలవాటు కొద్దీ కాళ్ళు కిందికి దించి నిలబడ్డాను. పాదం కింద ఏదో పుటుక్కున విరిగింది. పక్కనే పడవ పెద్దాయన, శ్రీకాకుళం మనిషి, కేకేశాడు: "బాబూ, కాలెట్టీకు! అది రాయి కాదు, పేణమున్నాది!"

కిందికి చూస్తే కొమ్మ పగడం జానెడు ముక్క విరిగి పడివుంది. నాకన్నా ముందు ఎన్నేళ్ళ నుంచి ఎదుగుతోందో. మా చేలో నారు తొక్కిన వాణ్ణి మా నాన్న ఊరుకుంటాడా? సూర్యలంకలో తెలియనితనం నా ప్రాణం మీదికి తెచ్చింది. ఇక్కడ నా తెలియనితనం ఇంకొక ప్రాణం మీదికి వెళ్ళింది. రెండు చోట్లా ఒక జాలరి కేక వేయవలసి వచ్చింది. మన రెండేళ్ళ ఫిజిక్సు, జువాలజీ అప్పుడు ఎక్కడికి పోయాయో!

పగడాలకు కష్టాలు మన కాళ్ళతోనే ఆగలేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది, దానితో పాటు నీటి పైకి వచ్చిన పగడపు దిబ్బలు ఎండకు ఎండి చచ్చిపోయాయి. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది. సిప్పీఘాట్‌లో పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో వింటూ పెరిగిన నాకు, ఉప్పు పట్టిన పొలం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అదిగాక సముద్రం మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే వుంటే పగడం తనలోని శైవలాలను వెళ్ళగొట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. వేడి తొందరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 2010లోనూ, 2016లోనూ అండమాన్‌లో అలా జరిగింది. భూమి వేడెక్కే కొద్దీ ఇది తరచు అవుతోంది. గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వున్నాయి. ముక్క తెచ్చుకోవటం కూడా నేరమే.

దిగే ముందు

అనుభవం మీద తెలిసినవి, చదివి తెలుసుకున్నవి నాలుగు మాటలు చెబుతాను.

సముద్రంలో మనిషి కొంచెం సులువుగా తేలతాడు. ఉప్పునీటి సాంద్రత 1.025 కాబట్టి 65 లీటర్ల ఘనపరిమాణం గల శరీరానికి కిలోన్నర పైగా అదనపు ఊతం దొరుకుతుంది. అయినా లైఫ్ జాకెట్టు నామోషీ కాదు. అది వుంటే కాళ్ళు కిందికి దించే అవసరమే రాదు.

అద్దం లోపలికి నీళ్ళు వస్తే పై అంచు నొక్కిపట్టి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి వదిలితే నీళ్ళు కింది నుంచి పోతాయి. ఇది మొలలోతు ఇసుక మీద పదిసార్లు చేసి, ఆ తరవాతే పగడాల మీదికి వెళ్ళాలి.

మునిగే ముందు గబగబా ఊపిర్లు తీసి "గాలి నిలవ చేసుకునే" అలవాటు మన కాలవ పందేల్లో వుంది. అది మానాలి. దానివల్ల ప్రాణవాయువు పెద్దగా పెరగదు, బొగ్గుపులుసు గాలి తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే హెచ్చరిక ఇచ్చేది అదే. హెచ్చరిక రాకముందే నీటిలో స్పృహ తప్పుతుంది.

ఎక్కడ దిగాలో అక్కడి వారిని అడగాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హావ్‌లాక్ దీవిలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతి మొసలి వాత పడింది. దిగవద్దని బోర్డు వుంటే అది మన కోసమే.

ఒంటరిగా దిగకూడదు. ఇది కాలవకూ వర్తిస్తుంది.

చివరిగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ప్రతి కార్తీకంలోనూ వనభోజనాల పేరుతో సముద్రానికి బస్సులు వేస్తున్నాం. అరిటాకులు, గాడిపొయ్యి, పాటల పెట్టె ఏ ఒక్కటీ మర్చిపోం. ఈసారి బస్సు దిగగానే పావుగంట సేపు అందరినీ ఒడ్డున నిలబెట్టి, అల విరగని చోటు ఎక్కడుందో వేలుపెట్టి చూపిద్దాం. అక్కడి జాలరి ఒకరిని పిలిచి నాలుగు మాటలు చెప్పించుకుందాం. రెండు లారీ ట్యూబులు, ఒక పొడవాటి మోకు బస్సులో వేసుకుందాం. వీటికి అయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చు కూడా కాదు. ఆ రోజు నాకు కేకేసిన పెద్దాయన ప్రతిసారీ అక్కడే వుంటాడని చెప్పలేం కదా!